రెవిట్‌కి తోడుగా ఏది పెట్టుకోవాలి: డైనమో, పైరెవిట్, రైనో ఇన్‌సైడ్, బోన్సాయ్

రెవిట్‌లో, అంటే భవనాల త్రీడీ మోడల్ చేసే ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్‌లో, పెట్టిన నాలుగు వందల తలుపులకు అంతస్తు ప్రకారం, గది ప్రకారం నంబర్లు మార్చమని శుక్రవారం సాయంత్రం మెయిల్ వస్తుంది. చేత్తో చేస్తే శనివారం పోయినట్టే. పక్క సీట్లో ఆయన "డైనమోలో చిటికెలో అయిపోతుంది" అంటాడు. వెనకాల ఆవిడ "దానికి డైనమో ఎందుకు, పైరెవిట్‌లో బటన్ ఉందిగా" అంటుంది. ఈలోగా ఎవరో రైనో ఇన్‌సైడ్ గురించి చెబుతారు, మరొకరు అసలు రెవిట్ లేకుండానే బోన్సాయ్‌తో బిమ్ (భవనాన్ని వివరాలతో సహా కంప్యూటర్లో మోడల్‌గా కట్టడం) చేయొచ్చంటారు. సోమవారానికి నాలుగు యాడ్-ఆన్లు (అసలు సాఫ్ట్‌వేర్‌కి కలుపుకునే అదనపు పరికరాలు) ఇన్‌స్టాల్ అయి ఉంటాయి, తలుపుల నంబర్లు మాత్రం అలాగే ఉంటాయి.

ఈ నాలుగూ ఒక జాతివి కావు. డైనమో, పైరెవిట్, రైనో ఇన్‌సైడ్ రెవిట్ లోపల నడుస్తాయి. బోన్సాయ్ బ్లెండర్ అనే ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్‌కి యాడ్-ఆన్. అయినా ఎంచుకునేవాళ్లు వీటిని పక్కపక్కనే పెట్టి చూస్తున్నారు కాబట్టి నేనూ అలాగే చూస్తాను.

ఈ నాలుగింటినీ నేను ప్రయోగాత్మక పరికరాలుగానే చూస్తాను, అది చులకన చేయడానికి కాదు. ఇలాంటి పరికరాలకు రెండు రకాల గతులు పడతాయి. డైనమో 2011లో ఇయాన్ కీయో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. అది నిలదొక్కుకుంది, రెవిట్ 2020 నుంచి రెవిట్‌తో పాటే ఇన్‌స్టాల్ అవుతోంది. ఆటోడెస్క్ ల్యాబ్స్‌లో 2010లో వచ్చిన ప్రాజెక్ట్ వసారీని కాన్సెప్ట్ మాసింగ్‌కీ (భవనం తొలి ఆకారం తేల్చుకోవడానికి), ఎండా గాలీ లెక్కలకీ చాలామంది ఇష్టంగా వాడారు. కొన్నేళ్లకు దాన్ని ఆపేశారు. ఇవాళ మీరు ఇన్‌స్టాల్ చేస్తున్నది ఏ దారిన పోతుందో ముందే చెప్పలేం. అందుకే ఫీచర్ల పట్టిక చూసి ఎంచుకోవద్దని నా సలహా.

## ముందు ఏం చూడాలి

రేపు ఈ యాడ్-ఆన్ తీసేస్తే నా ఫైల్లో ఏం మిగులుతుంది? అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. పరికరం పెట్టిన గోడ తర్వాత మామూలు రెవిట్ గోడలా ఉంటుందా, లేక పైపై ఆకారంగా మిగులుతుందా? ఆ పరికరం లేని కంప్యూటర్లో మరొకరు ఆ మోడల్‌ని మార్చగలరా? క్లయింటుకు ఫైల్ అప్పజెప్పేవాళ్లకు ఇది ప్రాణం. భవనం మోడల్ మనతో ఆగిపోదు. స్ట్రక్చరల్ వాళ్ల దగ్గరికి, ఎంఈపీ (కరెంటు, ప్లంబింగ్, ఏసీ) వాళ్ల దగ్గరికి, కాంట్రాక్టర్ దగ్గరికి పోతూనే ఉంటుంది.

ఏటా వచ్చే రెవిట్ వెర్షన్‌తో ఏమవుతుంది? కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైల్ పాతదాంట్లో తెరుచుకోదని అందరికీ తెలుసు. యాడ్-ఆన్లకు అంతకంటే పెద్ద దెబ్బలు తగులుతుంటాయి. రెవిట్ 2025లో దాని పునాది అయిన మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 నుంచి డాట్‌నెట్ 8కి మారారు. దాంతో యాడ్-ఇన్లన్నీ తయారీదారులు మళ్లీ కంపైల్ చేయాల్సి వచ్చింది. పట్టించుకునేవాళ్లు లేని చిన్న ఉచిత ప్లగిన్లు చాలా వరకు అక్కడే ఆగిపోయాయి. కాబట్టి ఆ పరికరాన్ని ఎవరు చూసుకుంటున్నారు, చివరి విడుదల ఎప్పుడు వచ్చింది, జనం చెప్పిన లోపాలకు జవాబు దొరుకుతోందా అన్నవి ఓపెన్ సోర్స్ కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్‌లో పది నిమిషాలు కూర్చుని చూడండి.

తప్పు జరిగితే వెనక్కి రాగలమా? ఒక్క అన్‌డూతో పోతుందా? టీమంతా పంచుకునే సెంట్రల్ ఫైల్‌కి సింక్ చేశాక తెలిస్తే దారేంటి?

మిగిలినవి డబ్బు, నేర్చుకునే శ్రమ, ఆఫీసులో ఐటీ వాళ్ల అనుమతి. ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను, దీనివల్ల చాలామంది సమయం వృథా అవుతోంది: మీది రెవిట్ ఎల్‌టీ (తక్కువ ధరకి, తక్కువ ఫీచర్లతో వచ్చేది) అయితే డైనమో రాదు, బయటి యాడ్-ఇన్లూ నడవవు. ఈ నాలుగింట్లో మీకు మిగిలేది బోన్సాయ్ ఒక్కటే.

## డైనమో

నోడ్లు (ఒక్కో పని చేసే పెట్టెలు) పెట్టి, వైర్లు కలిపి, లాజిక్ గీయడం. కోడ్ రాయని ఆర్కిటెక్టుకి డేటా ఎటు పారుతోందో కంటికి కనబడుతుంది. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ద్వారం లేదు. వేరే ఇన్‌స్టాల్ అక్కర్లేదు కాబట్టి ఐటీ వాళ్లను అడగాల్సిన పని కూడా లేదు. అది పెట్టే గోడలు, ఫ్లోర్లు, ఫ్యామిలీలు (తలుపు, కిటికీ లాంటి వస్తువులు) అచ్చమైన రెవిట్ ఎలిమెంట్లే. స్క్రిప్టు పారేసినా అవి ఉంటాయి. నా మొదటి ప్రశ్నకు దీనికి పూర్తి మార్కులు.

ఇబ్బంది మూడు చోట్ల.

మొదటిది ప్యాకేజీలు. డైనమోతో వచ్చే నోడ్లు చాలక క్లాక్‌వర్క్, ఆర్కి-ల్యాబ్, రిథమ్, డేటా-షేప్స్ లాంటివి దించుకుంటాం. స్క్రిప్టు మన దగ్గర బాగానే నడుస్తుంది. అదే ఫైల్ పక్క కంప్యూటర్లో తెరిస్తే నోడ్లు దొరకవు, లేదా ప్యాకేజీ వెర్షన్ తేడా వస్తుంది. పది మంది ఉన్న టీమ్‌లో ఈ ఒక్క సమస్యే స్క్రిప్టు రాసిన సమయాన్నంతా తినేయగలదు.

రెండోది పైథాన్ నోడ్లు, అంటే పైథాన్ భాషలో కోడ్ రాసుకునే నోడ్లు. పాత స్క్రిప్టులు ఐరన్‌పైథాన్ 2.7 అనే పైథాన్ ఇంజిన్‌కి రాసినవి. తర్వాత డైనమో సీపైథాన్ 3 వైపు మళ్లింది. నాలుగేళ్ల క్రితం ఎవరో ఇచ్చి వెళ్లిన స్క్రిప్టు కొత్త రెవిట్‌లో ఎర్రబడితే ముందు చూడాల్సింది ఆ నోడ్ ఏ ఇంజిన్ మీద ఉందో.

మూడోది ఎలిమెంట్ బైండింగ్. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. డైనమో తాను పెట్టిన ఎలిమెంట్లను గుర్తుపెట్టుకుంటుంది. ఇన్‌పుట్ మార్చి మళ్లీ రన్ చేస్తే కొత్తవి పెట్టదు, పాతవాటినే కదుపుతుంది. డిజైన్ మార్పులు చేస్తున్నప్పుడు ఇది వరం. కానీ నేను ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులో మొదటి సెల్లార్ స్తంభాలకు కార్నర్ గార్డులు పెట్టించి, ఇన్‌పుట్ రెండో సెల్లార్‌కి మార్చి మళ్లీ రన్ చేశాను. రెండో సెల్లార్ నిండింది, మొదటిది ఖాళీ అయింది. నేను చూసింది రెండో సెల్లార్ ప్లాన్ మాత్రమే. సింక్ చేసేశాను. రెండు రోజుల తర్వాత షెడ్యూల్లో (రెవిట్ ఇచ్చే ఎలిమెంట్ల పట్టికలో) లెక్క తగ్గిందని కోఆర్డినేటర్ అడిగాక తెలిసింది. తప్పు పూర్తిగా నాదే, డైనమో తన పద్ధతి ప్రకారమే చేసింది. అప్పటి నుంచి రెండు అలవాట్లు చేసుకున్నాను. కింద ఉండే రన్ సెట్టింగ్‌ని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చకుండా ఏ స్క్రిప్టూ ముట్టుకోను. రన్‌కి ముందూ తర్వాతా ఆ కేటగిరీ షెడ్యూల్లో లెక్క చూసుకుంటాను.

టీమ్‌కి ఇవ్వాలంటే డైనమో ప్లేయర్ ఉంది. నోడ్లు చూపించకుండా ఇన్‌పుట్లు, రన్ బటన్ మాత్రమే చూపిస్తుంది. డైనమో తెలియనివాళ్లు కూడా ధైర్యంగా వాడగలరు.

## పైరెవిట్

ఏసాన్ ఇరాన్-నెజాద్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ పరికరం, జీపీఎల్ వెర్షన్ 3 లైసెన్సు. ఇన్‌స్టాల్ చేస్తే రెవిట్ రిబ్బన్‌లో ఒక ట్యాబ్ వస్తుంది. షీట్లు గుంపుగా తయారుచేయడం, ప్రింట్ చేయడం, హ్యాచ్ ప్యాటర్న్ గీసుకుని తయారుచేయడం, నంబర్లు మార్చడం, రివిజన్లు చూసుకోవడం, అక్కర్లేనివి తుడిచేయడం లాంటి రోజువారీ పనులకు బటన్లు సిద్ధంగా ఉంటాయి. ఆ నాలుగు వందల తలుపులకు జవాబు ఇక్కడే ఉంది. వెనకాల కూర్చున్నావిడ చెప్పింది నిజం.

కానీ పైరెవిట్ గొప్పతనం ఆ బటన్లలో లేదు, మన బటన్ మనం పెట్టుకునే తీరులో ఉంది. ఒక ఫోల్డర్ ఎక్స్‌టెన్షన్ అవుతుంది, దానిలోపలి ఫోల్డర్ ట్యాబ్, ఆ లోపలిది ప్యానెల్, ఇంకా లోపలిది బటన్. చివరి ఫోల్డర్లో ఒక పైథాన్ ఫైల్ పెట్టి రీలోడ్ నొక్కితే రిబ్బన్‌లో మీ బటన్ ప్రత్యక్షం. రెవిట్ మూసి తెరవక్కర్లేదు. ఆల్ట్ పట్టుకుని ఏ బటన్ నొక్కినా దాని స్క్రిప్టు ఉన్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఇతరులు రాసిన కోడ్ చదువుతూ రెవిట్ ఏపీఐ (కోడ్‌తో రెవిట్‌ని నడిపే ద్వారం) నేర్చుకోవడానికి ఇంత మంచి బడి నాకు కనబడలేదు. ఆ ఎక్స్‌టెన్షన్ ఫోల్డర్‌ని ఆఫీసు సర్వర్లో పెట్టి అందరి సెట్టింగ్స్‌లో దారి చూపిస్తే, ఒకచోట సరిచేసిన కోడ్ అందరికీ అందుతుంది. డైనమో ప్యాకేజీల తలనొప్పితో పోల్చి చూడండి.

ఇక్కడ ప్రతి మార్పూ ట్రాన్సాక్షన్ అనే కంచె లోపల జరగాలి. దానికి మీరు పెట్టిన పేరే అన్‌డూ జాబితాలో కనిపిస్తుంది. మధ్యలో స్క్రిప్టు ఆగిపోతే ఆ ట్రాన్సాక్షన్‌లోని మార్పులు వెనక్కి వెళ్లిపోతాయి, సగం చేసి వదిలేయదు. తీసేశాక మిగిలేది కూడా శుభ్రంగా ఉంటుంది: మీ ఎలిమెంట్లు, వాటి విలువలు, అంతే.

పైథాన్ తెలియాలి, అదే ధర. తెలిసినా మన దేశంలో మిల్లీమీటర్లలో ఆలోచించేవాళ్లు మొదటి రోజే పడే గుంట ఒకటుంది. రెవిట్ లోపల పొడవులన్నీ అడుగుల్లో ఉంటాయి. మీ టెంప్లేట్ ఏ యూనిట్లో ఉన్నా ఏపీఐకి సంబంధం లేదు. గోడ ఎత్తు 3000 అని ఇస్తే 3000 అడుగుల గోడ లేస్తుంది. 304.8తో భాగించాలి, లేదా యూనిట్లు మార్చే ఫంక్షన్ వాడాలి. ఇంకోటి: ఐరన్‌పైథాన్‌లో నంపై, పాండాస్ అనే లెక్కల లైబ్రరీలు నడవవు. సీపైథాన్ ఇంజిన్ ఉంది గానీ దానికి పరిమితులున్నాయి.

ఏఐ చేత స్క్రిప్టులు రాయించుకుంటున్నవాళ్లకు ఒక జాగ్రత్త. యూనిట్ల పద్ధతి రెవిట్ 2021లో మారింది. ఎలిమెంట్ ఐడీలు 2024లో 64 బిట్‌కి పెరిగాయి. నెట్‌లో ఉన్న కోడ్‌లో ఎక్కువ భాగం అంతకు ముందుది, కాబట్టి మీకు వచ్చే జవాబూ పాత పద్ధతిలో ఉండే అవకాశం ఎక్కువ. అడిగేటప్పుడు వెర్షన్ నంబరు తప్పకుండా చెప్పండి. వచ్చిన కోడ్‌ని ముందు వేరుగా తీసుకున్న కాపీ మీదే నడపండి.

## రైనో ఇన్‌సైడ్ రెవిట్

రైనో అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ చేసే మెక్‌నీల్ వాళ్లది. రైనో, డైనమోలా నోడ్లతో నడిచే దాని గ్రాస్‌హాపర్, రెండూ రెవిట్ మెమరీలోనే లేస్తాయి. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ అన్న గొడవ ఉండదు. గ్రాస్‌హాపర్ 2007లో డేవిడ్ రుటెన్ మొదలుపెట్టినది, అప్పట్లో దాని పేరు ఎక్స్‌ప్లిసిట్ హిస్టరీ. అన్నేళ్ల పరిణతి ఉన్న పరికరం రెవిట్‌లోకి రావడం నిజంగా సంబరపడాల్సిన విషయం. వంపుల కప్పులు, మెలితిరిగిన ముఖద్వారాలు, వేల ప్యానెళ్ల ఫసాడ్‌లు చేసేవాళ్లకు ఈ నాలుగింట్లో సాటి లేదు.

యాడ్-ఆన్ ఉచితం, ఓపెన్ సోర్స్. కానీ రైనో లైసెన్సు కొనాలి. కొంటే శాశ్వతం, ఏటా కట్టక్కర్లేదు. కొనేముందు 90 రోజులు పూర్తి రూపంలో వాడి చూడొచ్చు.

నా మొదటి ప్రశ్న దీనికి బాగా పదునుగా తగులుతుంది. గ్రిడ్లు, లెవెల్స్, గోడలు, ఫ్లోర్లు, అడాప్టివ్ ఫ్యామిలీలుగా పంపితే అవి అసలైన రెవిట్ ఎలిమెంట్లు. కానీ స్వేచ్ఛారూపాన్ని చాలామంది డైరెక్ట్ షేప్‌గా పంపుతారు, అది సులువు కాబట్టి. దానికి కేటగిరీ ఇవ్వొచ్చు, షెడ్యూల్లో వస్తుంది, సెక్షన్‌లో కోతపడుతుంది. కానీ గోడ కేటగిరీలో పెట్టినంత మాత్రాన గోడ అవదు. దాని ఆకారాన్ని రెవిట్‌లో పట్టుకుని మార్చలేరు. గ్రాస్‌హాపర్ ఫైల్ పోతే ఆ కప్పు రాయిలా ఉండిపోతుంది. అందుకని మోడల్‌తో పాటు ఆ గ్రాస్‌హాపర్ ఫైల్‌ని కూడా డెలివరీలో భాగంగా చూడండి.

ఇంకో రెండు ఆచరణ మాటలు. సుమారు 0.8 మిల్లీమీటర్ల కంటే చిన్న అంచుల్ని రెవిట్ ఒప్పుకోదు. రైనోలో అందంగా కనిపించిన సర్ఫేస్ రెవిట్‌లోకి రానంటే ముందు చిన్న ముక్కల అంచుల కోసం వెతకండి. రెండోది, డైనమో బైండింగ్ లాంటిది ఇక్కడా ఉంది, కానీ ట్రాకింగ్ మోడ్ ఎలా ఉండాలో ప్రతి కాంపొనెంట్ మీద రైట్ క్లిక్ చేసి మీరే నిర్ణయించవచ్చు. ఆ సెల్లార్ అనుభవం తర్వాత నాకిది చాలా నచ్చింది.

గ్రాస్‌హాపర్ వస్తే ఎండ, వాతావరణం లెక్కలు చేసే లేడీబగ్ ప్లగిన్ కూడా అందుబాటులోకి వస్తుంది. హైదరాబాద్, విశాఖపట్నాలకు వాతావరణ ఫైళ్లు ఉచితంగా దొరుకుతాయి. పడమటి గోడ మీద ఏప్రిల్ మధ్యాహ్నం ఎండ ఎన్ని గంటలు పడుతుందో, ఎంత సజ్జ పెడితే తగ్గుతుందో క్లయింటు ముందే చూపించవచ్చు. మన ఎండల్లో భవనాలు కట్టేవాళ్లు దీన్ని వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

## బోన్సాయ్

2024 వరకు దీని పేరు బ్లెండర్‌బిమ్. డియోన్ మౌల్ట్ మొదలుపెట్టారు, ఇప్పుడు సమూహంగా నడుస్తోంది. నాలుగింట్లో ఇదే అసలైన ప్రయోగం. వెర్షన్ నంబరు ఇంకా సున్నాతోనే మొదలవుతుంది.

దీని ఆలోచనే వేరు. సొంత ఫైల్ ఫార్మాట్ లేదు. ఏ ఒక్క కంపెనీకీ చెందని బిమ్ ఫైల్ ఫార్మాట్ ఐఎఫ్‌సీనే నేరుగా తెరుస్తుంది, మారుస్తుంది, సేవ్ చేస్తుంది. ఐఎఫ్‌సీ ఐఎస్ఓ 16739 ప్రమాణం, మామూలుగా వాడే ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో కూడా చదవొచ్చు. కాబట్టి "తీసేస్తే ఏం మిగులుతుంది" అన్న ప్రశ్నకు దీనంత నిశ్చింతగా జవాబిచ్చేది ఇంకోటి లేదు. పరికరం రేపు ఆగిపోయినా ఫైల్‌ని మరో పది సాఫ్ట్‌వేర్లు చదువుతాయి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో నడుస్తుంది, పైసా కట్టక్కర్లేదు.

ఇతరుల మోడళ్లను తనిఖీ చేయడానికి, ప్రాపర్టీలు నింపడానికి, కొలతలు తీయడానికి నేను దీన్ని సంకోచం లేకుండా సిఫారసు చేస్తాను. రేపటి సబ్మిషన్ డ్రాయింగుల సెట్ మొత్తం దీని మీద ఆధారపడి చేయమని మాత్రం ఇప్పుడే చెప్పను. బ్లెండర్ అలవాటు లేనివాళ్లకు మొదటి రెండు వారాలు చుక్కలు కనిపిస్తాయి. రెవిట్‌తో అటూ ఇటూ తిప్పాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: బోన్సాయ్‌లో మార్చిన ఐఎఫ్‌సీని రెవిట్‌లో తెరిస్తే అది మీ పాత రెవిట్ మోడల్‌లా స్వేచ్ఛగా మార్చుకునేలా తిరిగి రాదు. రెవిట్ నుంచి బయటికి దారి తేలిక, తిరుగు దారి ఇరుకు.

## ఒకచోట చూస్తే

| | డైనమో | పైరెవిట్ | రైనో ఇన్‌సైడ్ | బోన్సాయ్ |
|---|---|---|---|---|
| తీసేస్తే మిగిలేది | అసలైన రెవిట్ ఎలిమెంట్లు | అసలైన రెవిట్ ఎలిమెంట్లు | ఎలా పంపామన్న దాన్ని బట్టి | పూర్తి ఐఎఫ్‌సీ ఫైల్ |
| ఖర్చు | రెవిట్‌తోనే వస్తుంది | ఉచితం | రైనో లైసెన్సు | ఉచితం |
| కోడ్ రావాలా | మొదట్లో అక్కర్లేదు | సిద్ధంగా ఉన్న బటన్లకు వద్దు, సొంతవాటికి పైథాన్ | గ్రాస్‌హాపర్ తెలియాలి | వద్దు, బ్లెండర్ తెలియాలి |
| టీమ్‌కి పంచడం | ప్యాకేజీలు లేకపోతే తేలిక | చాలా తేలిక | అందరికీ రైనో కావాలి | తేలిక |
| జాగ్రత్త పడాల్సింది | బైండింగ్, ఆటోమేటిక్ రన్ | అడుగుల లెక్క, పాత కోడ్ | డైరెక్ట్ షేప్ | ఇంకా పూర్తికాని ఫీచర్లు |

స్కెచప్ అనే మరో త్రీడీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు అడుగుతారు కాబట్టి ఒక్క మాట: అక్కడ రూబీ భాషలో రాసే ఎక్స్‌టెన్షన్ల లోకం వేరే పెద్దది, కానీ బ్రౌజర్లో నడిచే ఉచిత స్కెచప్‌లో ఎక్స్‌టెన్షన్లు నడవవు. డెస్క్‌టాప్ వెర్షన్ కావాలి.

## మీరెవరన్న దాన్ని బట్టి

హైదరాబాద్‌లో విదేశీ ప్రాజెక్టులు చేసే బిమ్ ఆఫీసులో మోడలర్ అయితే పైరెవిట్‌తో మొదలుపెట్టండి. ఎనభై శాతం, తొంభై శాతం అంటూ లెక్క చెప్పలేను గానీ, మీ విసుగు పుట్టించే పనుల్లో చాలావాటికి బటన్ ముందే ఉంటుంది. ఇన్‌స్టాల్‌కి ఐటీ వాళ్లు ఒప్పుకోకపోతే డైనమో, ప్లేయర్ మీ దారి. క్లయింటు సెంట్రల్ ఫైల్ మీద పనిచేస్తుంటే స్క్రిప్టులు నడపడానికి మీ లీడ్ అనుమతి ముందే తీసుకోండి.

విద్యార్థులకు నా మాట కొంచెం వేరు. డైనమోతో ఆరు వారాలు గడపండి, తర్వాత గ్రాస్‌హాపర్ వైపు వెళ్లండి. లిస్టుల ఆలోచన, డేటా ట్రీల (లిస్టుల్లోపలి లిస్టుల) ఆలోచన ఒకసారి పట్టుబడితే పరికరం ఏదైనా చేయి తిరుగుతుంది. సెలవుల్లో బోన్సాయ్ తెరిచి ఒక చిన్న ఇంటి ఐఎఫ్‌సీ లోపల ఏముంటుందో చూడండి. బిమ్ అంటే త్రీడీ బొమ్మ కాదని కాలేజీలో విన్నది అప్పుడు నిజంగా అర్థమవుతుంది.

సొంతంగా ప్రాక్టీసు చేసుకునే ఆర్కిటెక్టు, ఎల్‌టీతో నెట్టుకొస్తున్నవారు, ఆటోమేషన్ కోసమే పూర్తి రెవిట్‌కి మారాలా అని అడుగుతారు. నెలకు ఒకటో రెండో ఇళ్లు చేస్తుంటే అక్కర్లేదు. మంచి టెంప్లేటు, శుభ్రమైన ఫ్యామిలీలు మీకు ఏ స్క్రిప్టు కంటే ఎక్కువ సమయం మిగులుస్తాయి. ఎండ, నీడ లెక్కలే కావాలంటే రైనో, లేడీబగ్ విడిగా కూడా నడుస్తాయి, మధ్యలో రెవిట్ అవసరం లేదు.

కాంట్రాక్టర్ దగ్గర క్వాంటిటీలు చూసే ఇంజనీరుకు రెవిట్ లైసెన్సు ఇవ్వడానికి కంపెనీలు వెనకాడుతుంటాయి. ఆయనకు బోన్సాయ్ సరిగ్గా అతుకుతుంది.

బిమ్ మేనేజర్లు ఒక్కటి చేస్తే చాలు: రెవిట్ కొత్త వెర్షన్‌కి మారే తేదీని యాడ్-ఆన్లు సిద్ధమయ్యాకే పెట్టండి, ముందు కాదు. ప్రాజెక్టు మధ్యలో అసలు మార్చొద్దు.

ఏది తీసుకున్నా మొదటి పరీక్ష ఇలా చేయండి. పాత ప్రాజెక్టు ఫైల్‌ని సెంట్రల్ నుంచి డిటాచ్ చేసి కాపీ తీసుకోండి. కొత్త పరికరంతో ఒక నిజమైన పని, మీ తలుపుల నంబర్లో, మీ షీట్లో, దాని మీద పూర్తిచేయండి. తర్వాత ఆ యాడ్-ఆన్ లేని కంప్యూటర్లో అదే ఫైల్ తెరిచి, అది తయారుచేసిన వాటిలో ఒకదాన్ని చేత్తో మార్చి చూడమని పక్క సీట్లో ఆయనకి ఇవ్వండి.